తిరిగే అంతరిక్ష కేంద్రం నమూనా కిట్టు: బడికి కొనవచ్చునా?

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినప్పుడల్లా మేడెక్కి చూసే పిల్లలు మా బడివారు. బరువు తెలియని అంతరిక్షంలో ఉండేవారి ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా పలచబడతాయని చెబితే, దానికి విరుగుడేమిటని వెంటనే అడిగారు. అందుకే నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక సైన్సు పరికరాల దుకాణంలో, కృత్రిమ గురుత్వాన్ని, అంటే కేంద్రాన్ని చక్రంలా తిప్పి లోపలివారికి బరువు పుట్టించే పద్ధతిని, చూపించే ఈ కిట్టును పద్నాలుగు వందల రూపాయలకు కొన్నాము.

బల్లపరుపుగా తిరిగే చక్రం, కేంద్రానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఒక సీసా, అందులో సగం దూరంలో మరొకటి, రెండింటిలోనూ రంగు నీళ్లు: ఇంతే సరంజామా. నిమిషానికి సుమారు 77 చుట్ల వేగం అందుకున్నాక సెల్‌ఫోనులో స్లోమోషన్ వీడియో తీసి చూస్తే, బయటి సీసాలో నీటిమట్టం అంచు వైపు ఎగదన్ని దాదాపు 45 డిగ్రీలు వాలి ఉంటుంది, లోపలి దానిలో ఆ వాలు 27 డిగ్రీలకు మించదు. చుట్టుకు పట్టే సమయం ఒకటే అయినా, కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ భారం తగ్గుతుందని, చిన్న చక్రంలో మనిషి పాదాలకు ఉన్న బరువు తలకు ఉండదని ఇంత తేటగా చూపించే పరికరం ఈ ధరలో నాకు కనబడలేదు.

నాకు నచ్చనిది దానితో ఇచ్చిన పుస్తకం. బల్లమీద తిప్పేటప్పుడు భూమి ఆకర్షణ కూడా కలిసే ఉంటుందని, నీరు ఏటవాలుగా నిలవడానికి కారణం అదేనని, కక్ష్యలో అయితే అంచే పూర్తిగా నేల అవుతుందని అందులో ఒక్క ముక్కయినా లేదు. నిజమైన కేంద్రం ఎంత పెద్దదిగా ఉండాలన్న అసలు చిక్కునూ దాటవేశారు. రంగులరాట్నం దిగి తూలినవారికి తెలిసినట్టు, వేగంగా తిరిగితే లోపలి చెవి తట్టుకోదు. నిమిషానికి 2 చుట్లకే పరిమితమై భూమిమీది బరువు కావాలంటే వ్యాసార్ధం దాదాపు 224 మీటర్లు ఉండాలి. ఇంత చక్రాన్ని ఇంతవరకు ఎవరూ కట్టలేదు. 1966లో అమెరికా వ్యోమగాములున్న జెమిని 11 నౌకను సుమారు 30 మీటర్ల పట్టీతో అజీనా అనే మనుషులు లేని వాహనానికి కట్టి మెల్లగా తిప్పినప్పుడు పుట్టినది అతి స్వల్పమైన భారమే. ఈ లెక్కలన్నీ మేమే నల్లబల్లమీద వేసి చెప్పుకోవలసి వచ్చింది.

బ్యాటరీ పెట్టెలో స్ప్రింగు వదులు. వేగం మార్చే మీట మధ్యలో నిలవక ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. కొనదలచినవారు దుకాణంలోనే బ్యాటరీలు వేయించి, తక్కువ వేగంలో కాసేపు తిప్పించి చూసుకోవాలి. అడిగితే వారు కాదనరు.