వాననీళ్ల డ్రమ్ములు పెట్టించుకుంటున్నారా? డబ్బంతా ముందే ఇచ్చేయకండి

గుంటూరులో పెరట్లో వాననీళ్లు పట్టుకోవడానికి డ్రమ్ములు కలిపి పెట్టించుకుందామనుకునేవాళ్లు ఇది చదివాకే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి. నేను 9,000 రూపాయలు చేతిలో పోసి, మూడు వారాలు పెరడంతా బురద తొక్కాను.

మా బోరు నీళ్లు ఉప్పన. మల్లె ఆకులు అంచుల్లో మాడిపోతుంటే చూడలేక, డాబా నుంచి దిగే పైపు కింద 200 లీటర్ల నీలం డ్రమ్ములు నాలుగు వరసగా పెట్టించాను. అన్నిటినీ అడుగున పీవీసీ పైపుతో కలిపారు. ఒకదాంట్లో పడిన నీళ్లు నాలుగింట్లోనూ సమంగా నిండుతాయి. ఆలోచన మంచిదే. కాకపోతే ఒక్క జాయింటు కారినా నాలుగు డ్రమ్ముల నీళ్లూ అక్కడి నుంచే పోతాయి. మధ్యలో ఒక్క వాల్వు కూడా పెట్టలేదని అప్పుడు నాకు తట్టలేదు. మొదటి పెద్ద వానకి అన్నీ నిండాయని ఇంటిల్లిపాదికీ చూపించాను. మర్నాడు సాయంత్రానికి పైపు మట్టం దాకా ఖాళీ.

డ్రమ్ములు పెట్టినతనికి ఫోన్ చేస్తే, "కొత్తలో కాస్త చెమ్మ ఉంటుందమ్మా, నాచు పట్టి అదే మూసుకుపోతుంది" అన్నాడు. నాచు పట్టింది, నేల మీద. రెండోసారి వచ్చి ఎం-సీల్ మెత్తాడు, మూడోసారి సిలికాన్ పూశాడు. రెండు రోజులకి పెనం మీద అట్టు లేచినట్టు లేచిపోయింది. ఈ డ్రమ్ములు పాలిథీన్ రకం ప్లాస్టిక్. దానికి మామూలు జిగురేదీ అంటుకోదు. పైపులకి పూసే సొల్యూషన్ పీవీసీని పీవీసీకి అతికించడానికే. కాబట్టి డ్రమ్ముకి ఎవరైనా ఏదైనా పూస్తానంటే అక్కడే ఆపేయండి.

చివరికి మా తమ్ముడూ నేనూ కూర్చుని విప్పాం. రంధ్రాలు డ్రిల్లుతో కాదు, కాల్చిన ఇనప చువ్వతో చేశాడు! అంచులన్నీ ఎగుడుదిగుడు. డ్రమ్ము గోడకి పైపుని కలిపే ముక్క, అంటే ట్యాంక్ నిపుల్, దాని రబ్బరు వాషరేమో బయట నట్టు వైపు ఉంది. అలా ఉంటే నీళ్లు లోపలి నుంచి నిపుల్ మీది మరచుట్ల వెంట పాక్కుంటూ నట్టులోంచి బయటికొస్తాయి. దానికి ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా లాభం లేదు. వాషరు డ్రమ్ము లోపల, ట్యాంక్ నిపుల్ అంచుకీ గోడకీ మధ్య ఉండాలి. గట్టిగా బిగించాలి కానీ రబ్బరు పక్కకి తన్నుకొచ్చేలా కాదు. గుండ్రని కటర్‌తో కొత్త రంధ్రాలు చేసి, అంచులు గీకి, ఇలా బిగించాక మూడు డ్రమ్ములు కారడం ఆగింది.

ఇంకో తప్పు నా కళ్ల ముందే జరిగింది. మాది నల్లరేగడి నేల. దాని మీద వట్టి ఇటుకలు పేర్చి డ్రమ్ములు నిలబెట్టాడు. నిండితే ఒక్కోదాంట్లో నీళ్ల బరువే 200 కిలోలు. వానకి నేల మెత్తబడి ఒక డ్రమ్ము కుంగింది, వంగని పైపు జాయింటుని లాగేసింది. ఇప్పుడు కింద కాంక్రీటు పోయించి, పైపు బదులు హోస్ ముక్కలు క్లాంపులతో బిగించి, డ్రమ్ముకో బాల్ వాల్వు పెట్టుకున్నాం. ఒకటి కారితే దాని వాల్వు కట్టేస్తే చాలు.

పని ఒప్పుకునేటప్పుడే చెప్పండి: బోరు నీళ్లతో నిండా నింపి, కింద పాత పేపర్లు పరిచి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాక, పేపరు పొడిగా ఉంటేనే మిగతా సగం ఇస్తామని. నేను మొహమాటపడి మొత్తం ఇచ్చేశాను, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. సెకండ్‌హ్యాండ్ డ్రమ్మయితే ముందు అందులో ఏం పోసేవారో అడగండి, మూత తీసి వాసన చూడండి. సరిగ్గా చెప్పకపోతే వదిలేయండి. పైన దోమతెర కట్టడం మాత్రం మర్చిపోకండి.

నాలుగో డ్రమ్ము రంధ్రం దగ్గర చీలిపోయింది, ఇక బాగుపడదు. సగానికి కోసి మట్టి నింపి కరివేపాకు మొక్క నాటాను. అది కారుతున్నా ఇప్పుడు ఎవరూ తిట్టడం లేదు.