కొనేవాడి చేతే విలువ కట్టించుకున్నాను, మీరు ఆ పని చేయకండి

పెద్దవాళ్లు వదిలివెళ్లిన పాత నాణేలు ఇంట్లో ఉండి, వాటి విలువెంతో తెలుసుకుందామని తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా "ఉచితంగా విలువ కడతాం" అన్న బోర్డు చూసి లోపలికి అడుగు పెట్టబోతున్నవాళ్ల కోసం. నేనూ అలాగే వెళ్లాను. షాపు పేరు రాయను, అడగొద్దు.

తాతయ్య పోయాక ఆయన బీరువాలో ఒక రేకు డబ్బా దొరికింది. రాగివి ఓ గుప్పెడు, పెద్ద వెండి నాణేలు పదకొండు, విడిగా కాగితంలో చుట్టి సావరిన్లు, అంటే బ్రిటిష్ వాళ్ల బంగారు నాణేలు, రెండు. నల్లబడిన వెండిని చూసి నా చేతులు ఊరుకోలేదు. టూత్‌పేస్టూ పాత బ్రష్షూ తీసుకుని తోమేశాను. తళతళలాడాయి. ఆ రోజు ఎంత మురిసిపోయానో! ఏళ్ల తరబడి పట్టిన ఆ రంగు చెక్కుచెదరకుండా ఉండటమే సేకరించేవాళ్లకు కావాలని, తోమితే పడే సన్నటి గీతలు ఇక ఏం చేసినా పోవని తర్వాత తెలిసింది.

షాపాయన చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టాడు, తాతయ్య గురించి అడిగాడు, డబ్బా తెరిచాడు. వెండివన్నీ ఒక్కసారే గుప్పిట్లోకి తీసి గలగలమని కాటా మీద పోశాడు. ఒక్కదాన్నయినా బొమ్మా బొరుసూ తిప్పి చూడలేదు. నాకు అక్కడే వెలగాల్సింది. సావరిన్లు కూడా రెండూ కలిపే తూచి, "పదహారు గ్రాములకు కొంచెం తక్కువ, సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. కాలిక్యులేటర్ నొక్కి నా వైపు తిప్పాడు. "పాతవైనంత మాత్రాన ఏమీ రాదండీ, లోహం రేటే. అదీ ఇవాళ్టి రేటు, రేపు ఎలా ఉంటుందో చెప్పలేం." ఆ చివరి మాటతో నాకు టెన్షన్ మొదలైంది. డబ్బు తీసుకుని, ఎందుకో థాంక్స్ కూడా చెప్పి వచ్చేశాను.

అన్నీ అబద్ధాలే చెప్పాడని అనను. "వీటిని తోమారు కదా" అని నాణేలు చూడగానే పట్టేశాడు. ఆస్ట్రియా రాణి మరియా థెరిసా బొమ్మ ఉన్న పెద్ద నాణెం గురించీ నిజమే చెప్పాడు. దాని మీద 1780 అని ఉంటే, మా ఇంట్లో రెండువందల ఏళ్ల నాటి నిధి ఉందని మేం గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ రాణి చనిపోయిన సంవత్సరం అది. ఆ తర్వాత కూడా అదే సంవత్సరం వేసి, రకరకాల దేశాల టంకశాలల్లో కోట్ల కొద్దీ ముద్రించారు. వాటిలో చాలావాటికి వెండి రేటు మీద పెద్దగా రాదు. అంటే ఆయనకు నాణేల గురించి బాగా తెలుసు. నాకు మండేది అందుకే. అంత తెలిసినవాడు సావరిన్లను తిప్పి చూడకుండా ఉంటాడా?

నేను ముందే చేయాల్సిన పనులు పెద్దవేం కావు. ఒక్కో నాణేన్నీ అంచులు పట్టుకుని, భూతద్దం పెట్టి చూసి, రెండు వైపులా స్పష్టంగా ఫొటో తీసుకోవాలి. విడివిడిగా తూచి రాసుకోవాలి. సావరిన్ అయితే 7.98 గ్రాములు, అడ్డంగా 22 మిల్లీమీటర్ల పైచిలుకు, 22 క్యారెట్లు. ఈ లెక్క తప్పితే నకిలీ అని అనుమానించాలి, సరిపోయినా అసలుదేనని గ్యారంటీ లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో అడుగుతున్న ధర చూసి పొంగిపోకండి. వేలంలో నిజంగా ఎంతకు పోయిందో ఆ రికార్డులు చూడండి. అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చి 70 పాయింట్ల స్కేలు మీద గ్రేడు ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు ఉన్నాయి. అయితే వాళ్ల ఫీజూ పోస్టేజీ కలిపితే మామూలు నాణేనికి గిట్టుబాటు కాదు. అరుదైనదని అనిపించిన ఒకటో రెండో పంపితే చాలు. వీలైతే ఫీజు తీసుకుని విలువ మాత్రమే కట్టేవాళ్ల దగ్గరకు, కొనని వాళ్ల దగ్గరకు వెళ్లండి. దొరక్కపోతే కనీసం ముగ్గురికి చూపించండి, ఎవరి దగ్గరా అదే రోజు అమ్మకండి.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ఫోన్లోనే భారీ ధర చెప్పి, ముందుగా రిజిస్ట్రేషన్ అనో ట్యాక్స్ అనో డబ్బు పంపమంటారు. కొనేవాడు మీకు డబ్బివ్వాలి గానీ మీరు అతనికి ఇవ్వడమేమిటి? ఫోన్ పెట్టేయండి.

ఇక ఆ సావరిన్ల సంగతి. డబ్బా దొరికిన రోజు అక్కకు పంపడానికని వాటిని ఫొటో తీశాను. కొన్ని నెలలకు, నాణేలు సేకరించే ఒక పరిచయస్తుడికి ఏదో మాటల్లో ఆ ఫొటో చూపిస్తే, స్క్రీన్‌ను వేళ్లతో పెద్దది చేసి ఆగిపోయాడు. రెంటిలో ఒకదానికి, గుర్రం మీద యోధుడు ఉన్న వైపు, నేల గీత మీద, సంవత్సరానికి సరిగ్గా పైన, చిన్న "సి" అక్షరం. లండన్‌లో ముద్రించిన వాటికి అక్కడ ఏమీ ఉండదు. "సి" అంటే కెనడాలోని ఒట్టావా టంకశాల. 1908 నుంచి 1919 దాకా, మధ్యలో ఒకటి రెండేళ్లు తప్ప, అక్కడ సావరిన్లు ముద్రించారు. బరువు అంతే, బంగారం అంతే, అందుకే కాటాకు తేడా తెలియదు. 1911 అయితే విరివిగా దొరికేదే. 1916 అయితే మాత్రం దానికోసం సేకరించేవాళ్లు పోటీ పడతారట.

"ఏ సంవత్సరం?" అని అడిగాడు. ఇద్దరం మళ్లీ చూశాం. 1, 9, 1 కనిపిస్తున్నాయి. నాలుగో అంకె మీద నా బొటనవేలి గోరు ఉంది.