కారుతున్న పైపు, 100 రూపాయల సంజీవని: మా తిరుపతి, తలకోన ప్రయాణం

తిరుపతి లాడ్జిలో నా దగ్గర 600 రూపాయలు అన్యాయంగా గుంజారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను. దర్శనం బాగా జరిగింది. 300 రూపాయల టిక్కెట్టు, లైన్లో నాలుగు గంటలు, లడ్డూలు దొరికాయి. దాని గురించి ఇంతే.

వెళ్ళింది నలుగురం. నేను, మావారు, మావారి అక్క (మా వదిన), ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న మా అమ్మాయి. నేను ఇంటర్ పిల్లలకు 22 ఏళ్ళుగా బోటనీ చెబుతున్నాను. మా అమ్మాయికి బోటనీ అంటే తలనొప్పి. "ఏకాంతర తరాలు" (మొక్క జీవితంలో రెండు రకాల తరాలు ఒకదాని తర్వాత ఒకటి రావడం) అనే మాట వినబడితే చాలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటుంది. ఈ ట్రిప్పులో చదువు ఊసెత్తనని మాట ఇచ్చాకే బయల్దేరింది.

బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది లాడ్జి. ఫోన్లో అడిగితే ఏసీ రూము 1,800, ఎక్స్‌ట్రా బెడ్ 300, ఇరవై నాలుగు గంటలు అన్నారు. మధ్యాహ్నం మూడింటికి దిగాం. రెండో అంతస్తులో వెనక రూము, కిటికీ తీస్తే ఎదురుగా పక్క బిల్డింగు గోడ, మధ్యలో కారుతున్న డ్రైనేజీ పైపు. వేడినీళ్ళు బకెట్‌కు 30. బాత్రూం తలుపుకు గడియ లేదు, ఎవరు లోపలికి వెళ్ళినా ఇంకొకరు బయట కాపలా. వదిన ముఖం చూస్తేనే తెలిసింది, ఈ మాట ఊళ్ళో అందరికీ చేరుతుందని.

సాయంత్రం బజారుకు వెళ్తే రోడ్డు పక్క ఒకాయన గోనెపట్టా మీద ఎండిపోయిన గోధుమరంగు ఉండలు పెట్టుకుని కూర్చున్నాడు. పిడికిలి బిగించినట్టు ముడుచుకున్న మొక్కలు. "సంజీవనమ్మా, లక్ష్మణుడిని లేపింది ఇదే, షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి అన్నీ పోతాయి" అన్నాడు. జత 300. వదిన అప్పటికే పర్సు తీసింది. నేను అడ్డం పడి 100కి బేరం చేశాను. నిజానికి కొనకూడదు. ఇవి కొండల మీద బండల సందుల్లోంచి పీకి తెచ్చేవి, ఎవరూ పెంచేవి కావు. కానీ ఈ సంజీవనిని, అంటే మా బోటనీ భాషలో సెలాజినెల్లా బ్రయోప్టెరిస్‌ను, 22 ఏళ్ళుగా బోర్డు మీద గీయడమే తప్ప చేత్తో పట్టుకున్నది లేదు. కక్కుర్తి పడ్డాను.

రాత్రి ఒక ఉండను లాడ్జి మగ్గులో నీళ్ళు పోసి పెట్టాను. ఆ మగ్గుతో స్నానం ఎలా చేయాలని మావారు విసుక్కున్నారు. పొద్దున ఐదింటికి మా అమ్మాయి అరిచిన అరుపుకు అందరం లేచాం. గుప్పిట విప్పినట్టు మొక్క తెరుచుకుని ఉంది. గోధుమరంగు పోయి ఆకుపచ్చ తేలుతోంది, పొలుసుల్లాంటి చిన్న ఆకులు వరుసగా నిక్కపొడుచుకున్నాయి. చచ్చిన మొక్క బతకలేదు, అసలు చావనే లేదు. నీళ్ళు పోయినప్పుడు ముడుచుకుని, దొరికినప్పుడు విచ్చుకునే గుణం దానిది. మోకాళ్ళ నొప్పులకు పనిచేస్తుందన్నది మాత్రం నమ్మకండి.

ఇయర్‌ఫోన్లు తీసి మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఫెర్నా?" కాదు. చూడ్డానికి ఫెర్నులా (తడిచోట్ల పెరిగే, పువ్వులు పూయని ఆకుల మొక్క) ఉన్నా, వీటి వంశం 40 కోట్ల ఏళ్ళకు ముందే ఫెర్నులూ విత్తనాల మొక్కలూ వచ్చిన కొమ్మ నుంచి విడిపోయింది. ఆకులో ఒకే ఒక్క ఈనె ఉంటుంది. ఇంకో తమాషా, దీనికి రెండు రకాల సిద్ధబీజాలు (స్పోర్లు, విత్తనాల బదులు మొలిచే పొడిలాంటి కణాలు). చిన్నవి మొలిస్తే మగ, పెద్దవి మొలిస్తే ఆడ సంయోగబీజదాలు (పురుషబీజాన్నో స్త్రీబీజాన్నో తయారుచేసే తరం). ఆ పెద్ద బీజాన్ని రాల్చకుండా తల్లి మొక్కే తనలో ఉంచుకుని పెంచితే? విత్తనం వైపు దారి అదే. విత్తనాల మొక్కలు ఆ దారిలో వేరుగా నడిచాయి, సెలాజినెల్లా మొదటి మెట్టు దగ్గర ఆగిపోయింది.

ఇచ్చిన మాట ఎలాగూ తప్పాను కదా అని అమ్మాయిని కిటికీ దగ్గరకు లాక్కెళ్ళాను. ఆ దిక్కుమాలిన పైపు చుట్టూ నా సిలబస్ సగం మొలిచి ఉంది. జాయింటు దగ్గర జారుడుగా నీలి ఆకుపచ్చ పాచి. అది మొక్క కూడా కాదు, బ్యాక్టీరియా. దాని పక్కన మెత్తటి తివాచీలా మాస్ (గోడల మీద పెరిగే నాచుమొక్క), దాని మీద గుండుసూదుల్లా సన్నని కాడలు, చివర తలకాయలు. ఇంకొంచెం కింద, ఇటుకల సందులోంచి వేలాడుతూ టెరిస్ ఫెర్ను.

మాస్‌లో ఆకుపచ్చగా కనిపించేదంతా సంయోగబీజదం, దానిలో క్రోమోజోములు ఒక్క జట్టే ఉంటాయి. రెండు జట్లూ ఉండేది ఆ గుండుసూది ఒక్కటే. అది జీవితాంతం తల్లి మీద నిలబడి తల్లి తిండే తింటుంది. ఫెర్నులో లెక్క తిరగబడింది. మనకు కనిపించే మొక్కే సిద్ధబీజదం (సిద్ధబీజాలనిచ్చే తరం), దాని ఆకు అంచు వెనక్కి తిప్పితే గోధుమరంగు గీతలా సిద్ధబీజాల వరుస. మరి రెండో తరం, సంయోగబీజదం ఏది? ఫోన్ జూమ్ చేసి గోడంతా వెతికింది మా అమ్మాయి. పది నిమిషాలకు దొరికాయి, చిటికెనవేలి గోరులో సగం కూడా లేని రెండు ఆకుపచ్చ హృదయాకారాలు. ప్రోథాలస్, ఫెర్ను సంయోగబీజదం అదే. నేను స్లైడు మీద చూపించేది ఇక్కడ సున్నం గోడకు అతుక్కుని ఉంది! మాస్‌కైనా ఫెర్నుకైనా పురుషబీజం ఈదుకుంటూ వెళ్ళాల్సిందే, నీళ్ళు లేకపోతే పెళ్ళి లేదు. పైపు కారబట్టే ఈ సంసారాలన్నీ.

రూంబాయ్ తలుపు దగ్గర నిలబడి "మేడమ్, లీకేజీ ఫోటోలు ఎక్కడైనా పెడతారా?" అన్నాడు భయంగా.

తొమ్మిదీ పదికి కిందికి దిగితే కౌంటర్‌లో మనిషి అసలు సంగతి బయటపెట్టాడు. వాళ్ళ చెకౌట్ ఉదయం 9 అట, పది నిమిషాలు దాటింది కాబట్టి సగం రోజు అద్దె 900 కట్టాలట. ఫోన్లో చెప్పింది ఎవరో తనకు తెలియదన్నాడు. మావారు గొడవ పడ్డారు, నేను పడ్డాను, వదిన దేవుడి పేరు చెప్పి శపించింది. మా అమ్మాయి మాత్రం మగ్గులోంచి తీసిన సంజీవనిని పాలిథిన్ కవర్లో పట్టుకుని నవ్వుతూ నిలబడింది. చివరికి 600 దగ్గర తెగింది. నా సలహా: చెకౌట్ టైము వాట్సాప్‌లో రాయించుకోండి, నోటిమాట నమ్మకండి.

తిరుమల మీద దర్శనం అయ్యాక శిలాతోరణం దగ్గర ఆగాం. ఆ క్వార్ట్‌జైట్ రాయి వయసు 150 కోట్ల ఏళ్ళ పైమాట. అది ఏర్పడేనాటికి నేల మీద మొక్క అనేదే లేదు, వాటి మొదటి ఆనవాళ్ళే 47 కోట్ల ఏళ్ళ కిందటివి. జనం తోరణాన్ని ఫోటో తీసుకుంటున్నారు. నేను బండల మధ్య ఇంకో దాన్ని వెతుక్కుంటున్నాను. కనబడింది, మోకాలెత్తు కాండం, పైన గొడుగులా సన్నని ఆకులు. "ఈతమొక్క కోసమా ఇంతసేపు?" అన్నారు మావారు.

ఈత కాదు, సైకస్ బెడ్డోమి. ఈత పూలు పూసే మొక్క, ఇది పువ్వే ఎరగని వివృతబీజం (విత్తనాలు కాయలో దాగకుండా బయటే ఉండే మొక్క). తూర్పు కనుమల్లో మన ఈ కొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద 1883లో వృక్షశాస్త్రజ్ఞుడు డయ్యర్ దీనికి పేరు పెట్టాడు. మగ శంకువుల్ని (పుప్పొడినిచ్చే కోన్లను) మందులకని కోసేస్తారు, అందుకే ఇప్పుడు దీని అంతర్జాతీయ వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. పుప్పొడి గాల్లోనో పురుగుల మీదో వచ్చి చేరాక కూడా దీని పురుషబీజం అండం లోపలి చుక్క ద్రవంలో ఈదుతుంది, ఆ పాత అలవాటు పోలేదు. సైకస్‌లో పురుషబీజం ఇలా ఈదడాన్ని 1896లో జపాన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు ఇకెనో చూశాడు. మేం వెళ్ళినప్పుడు శంకువు లేదు, ఆకులే. పక్కనున్న టాక్సీ డ్రైవరు "డైనోసార్ల నాటి మొక్క" అన్నాడు. వంశం అంత పాతదే కానీ, ఇప్పుడున్న సైకస్ జాతులు చాలావరకు గత కోటీ ఇరవై లక్షల ఏళ్ళలో విడిపోయినవే. చెప్పబోయాను, వదిన "ఎండ" అంది.

మర్నాడు తలకోన జలపాతానికి. కారు పోనూ రానూ 3,200. దారిలో తడికల హోటల్లో నలుగురికి 740తో తిన్న భోజనం ఈ ట్రిప్పు మొత్తానికీ గొప్పది. రాగిసంగటి, నాటుకోడి పులుసు (వదినకు పప్పు), చెనక్కాయల (వేరుశనగ) ఊరిబిండి, అంటే పచ్చడి. "ఇంకొంచెం ఏసుకోమ్మా" అంటూ వంటావిడ అడక్కుండానే వడ్డిస్తోంది. ఆ ఊరిబిండి చూపించి మా అమ్మాయితో అన్నాను, ఈ చెనక్కాయకు దగ్గర చుట్టం బయట అడవిలో ఉంది, ఎర్రచందనం. రెండూ చిక్కుడు కుటుంబమే, అందులోనూ ఒకే తెగ. ఒకటి స్మగ్లర్లు వెంటపడే చెట్టు, ఇంకొకటి పూత నేల పైన పూసి, ఊడ దించి, కాయను మట్టిలో దాచుకునే మొక్క. వంటావిడ విని నవ్వింది, "చుట్టమైతే ఆ రేటు మాకెందుకు రాదు?"

జలపాతం 270 అడుగులు, నవంబరులో నీళ్ళు బాగానే ఉన్నాయి. కోతులున్నాయి, చేతిలో సంచి పెట్టుకోకండి. చెప్పులు జారుతాయి, మావారు ఒకసారి పడ్డారు, ఆపైన ఆయన మాట్లాడలేదు. తడిబండల మీద అడియాంటం అనే ఫెర్ను నల్లటి మెరిసే కాడలతో ఉంది, నీళ్ళు పడితే ఆకు తడవదు. చెట్ల మీదుగా పాకిన గిల్లతీగ మనిషి తొడంత లావుంది, అదీ చిక్కుడు కుటుంబమే. దాని కాయ మీటరు పొడుగు దాటుతుందని చెబితే మా అమ్మాయి తలెత్తి వెతకడం మొదలుపెట్టింది.

సంజీవని రెండో ఉండ వదిన పట్టుకెళ్ళింది. మొన్న ఫోన్ చేసింది. పూజగదిలో నీళ్ళగిన్నెలో పెడితే విచ్చుకుందట, నీళ్ళు ఇంకిపోతే ముడుచుకుందట, మళ్ళీ పోస్తే మళ్ళీ లేచిందట. "ఇది ఆడదా మగదా?" అని అడిగింది. రెండూ అన్నాను. ఫోన్ మావారికి ఇమ్మంది.