తిరుపతిలో అమెరికా కల్చర్ క్లాస్: శనివారం దండగ, ఆదివారం మాత్రం పోవచ్చు

మా పాప ఆగస్టులో ఒహాయోకి ఎంఎస్ చదవను పోతాది. వీసా వచ్చిన వారానికి తిరుపతి నుంచి ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి, సార్ ప్రీ డిపార్చర్ క్లాస్ పెడతాండాం, రెండు రోజులు, అమెరికా కల్చర్, వాళ్ల జెండా, జాతీయ చిహ్నాలు, అక్కడ ఎట్ల మసులుకోవాల, అన్నీ చెప్తాం, స్టూడెంట్ కి 2500, తోడొచ్చే పేరెంట్ కి 500, ఆ 500 మళ్లీ క్లాస్ అయిపోయినాక వాపస్ ఇచ్చేస్తాం అన్నారు. పేరు రాయట్లేదు, ఎందుకో చివర్లో తెలుస్తాది.

నేను ఆర్టీసీలో 31 ఏండ్లు కండక్టర్ గా చేసి రిటైర్ అయినోణ్ణి, మాది చిత్తూరు. అమెరికా గురించి నాకు తెలిసిందంతా టీవీలో చూసిందే. పాప ఒక్కతే పోయి వస్తా అనింది గానీ ఇంట్లో పనేముంది అని నేనూ బయల్దేరినా. పొద్దున ఆరున్నర బస్సెక్కితే తొమ్మిదికల్లా తిరుపతిలో దిగినాం, బస్టాండ్ లో ఇడ్లీ తినేసి ఆటోలో బాలాజీ కాలనీ పక్కకి పోయినాం. రెండో ఫ్లోరు, లిఫ్ట్ లేదు, హాల్లో ఒక 40 కుర్చీలు, ఏసీ ఉండాది కానీ దాని మీద ఒక టవల్ ఆరేసి ఉండాది, అంటే అది పనిచెయ్యదని మీకే అర్థం కావాల.

శనివారం గురించి ఎక్కువ రాయను. ఒక పిల్లోడు ల్యాప్ టాప్ పెట్టి స్లైడ్లు చదివినాడు. చదివినాడు అంటే నిజంగా చదివినాడే, గోడ మీద ఏముందో అదే. మధ్యాహ్నం నుంచి ఇన్సూరెన్స్ కంపెనీ ఆయనొకరు, ఫారెక్స్ కార్డు ఆమె ఒకరు, సిమ్ కార్డు ఆయన ఇంకొకరు వచ్చి వాళ్ల సరుకు అమ్ముకున్నారు. 2500 కట్టి అడ్వర్టైజ్మెంట్లు చూసినట్టయింది. పైగా ఒక స్లైడ్ లో అమెరికా జెండాలో 52 నక్షత్రాలు అని రాసినారు. పక్కనే జెండా బొమ్మ ఉండాది కదా, మా పాప కూర్చున్నకాడే లెక్కేసి, ఇందులో 50యే ఉండాయి అనింది. ఆ పిల్లోడు కొంచేపు స్లైడ్ వంక చూసి, రెండు స్టార్లు వెనక ఉంటాయేమో మేడం అన్నాడు. హాలంతా నవ్వు. మనోళ్లకి ఈ 52 యాడ నుంచి పట్టుకుందో గానీ మా డిపోలో కూడా అందరూ 52 రాష్ట్రాలు అనే చెప్పేవాళ్లు. 50యే. 1959లో అలాస్కా, హవాయి చేరినాక 1960 జులై 4 నుంచి ఇప్పుడుండే 50 నక్షత్రాల జెండా వచ్చిందంట, ఇది ఆదివారం సార్ చెప్పినాడు.

ఇంక ఆదివారం. ఈ రివ్యూ రాసేదే ఆయన కోసం. శానా ఏండ్లు అక్కడ ఉద్యోగం చేసి వెనక్కి వచ్చేసిన మనిషి, గెడ్డం నెరిసింది, స్లైడ్లు లేవు, ఒక పాత బిస్కెట్ డబ్బా మాత్రం తెచ్చుకున్నాడు. మూత తీసి అందరికీ తలా ఒక ఒక డాలర్ నోటు ఇచ్చి, క్లాస్ అయినాక లెక్కేసి తీసుకుంటా, ఒకటి తగ్గినా తలుపు తియ్యను అన్నాడు.

నోటు వెనక్కి తిప్పండి, 13 వెతకండి అన్నాడు. అరగంట సేపు పిల్లోళ్లు ఫోన్లు కూడా మర్చిపోయి ఆ నోటు మీద పడినారు. పిరమిడ్ బొమ్మ ఉంటాది కదా, దానికి మెట్లు 13. గద్ద తల పైన నక్షత్రాలు 13. దాని రొమ్ము మీద డాలుకి చారలు 13. ఒక కాలితో పట్టుకున్న బాణాలు 13, ఇంకో కాలితో పట్టుకున్న ఆలివ్ కొమ్మకి ఆకులు 13. ముక్కున పట్టుకున్న రిబ్బన్ మీద 'ఎ ప్లూరిబస్ ఊనమ్' అని లాటిన్ లో ఉంటాది, అనేకం కలిసి ఒకటి అని అర్థం, వాళ్ల భాషలో దాని అక్షరాలు లెక్కేస్తే అవీ 13. బ్రిటిషోళ్ల మీద తిరగబడింది 13 కాలనీలు, అందుకని. జెండాలో చారలూ అందుకే 13, ఏడు ఎరుపు, ఆరు తెలుపు. పిరమిడ్ కింద రోమన్ అంకెల్లో రాసింది 1776. ఆ దేశంలోనే 13 అపశకునం అని కొన్ని బిల్డింగుల లిఫ్ట్ లో 13 నంబరే పెట్టరంట, జేబులో మాత్రం ఇన్ని పదమూడ్లు పెట్టుకోని తిరుగుతారు.

గద్ద తల ఏ పక్కకి తిరిగింది చూడండి అన్నాడు. ఆలివ్ కొమ్మ పక్కకి. శాంతి పక్కకి చూస్తా ఉండాది, బాణాలు మాత్రం వదల్లేదు అన్నాడు. వెనక వరసలో ఒక పిల్లోడు, సార్ ఇది మన గరుత్మంతుడి మాదిరి ఉండాది అనేసినాడు, తిరుపతోళ్లం కదా, గద్ద అంటే మాకు గరుడ సేవే గుర్తొస్తాది. సార్ తిట్టలేదు, ఆయన దేవుణ్ణి మోస్తాడు, ఇది ఎవర్నీ మొయ్యదు, గవర్నమెంట్ ముద్ర అంతే అన్నాడు. బాల్డ్ ఈగల్ అంటే బట్టతల కాదంట, తల మీద తెల్ల ఈకలు, దూరం నుంచి బోడిగా కనిపిస్తాది. 1782 నుంచి వాళ్ల ముద్ర మీద ఉండాది కానీ, చట్టం చేసి జాతీయ పక్షి అని రాసుకుంది 2024 డిసెంబర్ లోనే. నాకైతే ఇది నమ్మబుద్ధి కాలేదు, 240 ఏండ్లు సంతకం లేకుండానే డ్యూటీ చేసిందా అని.

తర్వాత మమ్మల్ని తిరగేసి అడిగినాడు, మరి మన ఆంధ్ర రాష్ట్ర పక్షి ఏది అని. అందరం పాలపిట్ట అన్నాం, నేను గట్టిగానే అన్నా. కాదంట. విడిపోయినాక పాలపిట్ట తెలంగాణకి పోయింది, మనది 2018 నుంచి రామచిలుక. సిగ్గేసింది. అక్కడ రాష్ట్రానికొక పక్షి, ఒక పువ్వు, ఒక జెండా ఉంటాయి, యూనివర్సిటీ టీషర్టుల మీద, బండి నంబర్ ప్లేట్ల మీద కూడా కనిపిస్తాయి, మీరు పోయే రాష్ట్రానివి తెలుసుకోని పోండి, మాట కలపను పనికొస్తాది అన్నాడు. మా పాపది ఒహాయో కదా, దాని పక్షి కార్డినల్, ఎర్రటి పిట్ట, అదే పిట్టని మొత్తం ఏడు రాష్ట్రాలు పెట్టుకున్నాయంట. ఒహాయో జెండా మిగతావాటి మాదిరి నలుచదరం కాదు, కొసన చీల్చినట్టు రెండు తోకలుంటాయి, 50 రాష్ట్రాల్లో అట్లాంటిది అదొక్కటే. పాప అప్పుడే ఫోన్ లో వాల్ పేపర్ మార్చేసింది.

మధ్యలో కొంచెం గొడవ కూడా అయింది. సార్ డబ్బాలోంచి జులై 4 పండగ నాటి పేపర్ నాప్కిన్ తీసినాడు, దాని మీద వాళ్ల జెండా అచ్చేసి ఉండాది. పీలేరు నుంచి వచ్చిన ఒక తండ్రి లేచి, జెండాతో మూతి తుడుచుకుంటారా, ఇదేం మర్యాద సార్ అన్నాడు. ఆయన కోపం నాకు అర్థమైంది, మన జెండాని అట్ల చేస్తే 1971 చట్టం కింద కేసే. సార్ చెప్పిందేమంటే, వాళ్లకీ ఫ్లాగ్ కోడ్ ఉండాది, అందులోనూ నాప్కిన్ల మీద వెయ్యొద్దనే రాసినారు, కానీ మీరితే శిక్ష లేదు, 1989లో అయితే జెండాని తగలబెట్టేది కూడా నిరసన కిందికే వస్తాది, నేరం కాదు అని వాళ్ల సుప్రీం కోర్టు చెప్పేసింది. అదే దేశంలో ఇంటిముందర రోజూ జెండా కట్టుకుని సాయంత్రం జాగర్తగా దించి మడతపెట్టే ముసలోళ్లూ ఉంటారు, రెండూ కనిపిస్తాయి, మీరు చూడండి, కామెంట్ చెయ్యొద్దండి అన్నాడు. పీలేరు ఆయన కూర్చున్నాడు గానీ ఒప్పుకున్నట్టు లేదు. నేనూ ఒప్పుకోలేదు అనుకోండి.

జాతీయగీతం గురించి చెప్పినప్పుడు మాత్రం హాలు సైలెంట్ అయింది. 1814లో బ్రిటిషోళ్లు బాల్టిమోర్ దగ్గర కోట మీద రాత్రంతా గుండ్లు కురిపిస్తా ఉంటే, ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే లాయరు ఓడలోంచి చూస్తా ఉన్నాడంట, తెల్లారి చూస్తే జెండా ఇంకా ఎగురుతా ఉండాది, అది చూసి రాసిన పాట. ట్యూన్ మాత్రం ఆ బ్రిటిషోళ్ల పాటదే. జాతీయగీతం అయింది 1931లో. ఆటలకి ముందర పాడతారు, లేచి నిలబడండి, చేతులు ఊపొద్దు, పాడకపోయినా ఎవరూ ఏమనరు అన్నాడు. ఇదయినాక మన గీతం సంగతి ఎత్తి, 1919లో ఠాగూర్ మన మదనపల్లి కాలేజీకి వచ్చి ఉన్నప్పుడే జనగణమన ఇంగ్లీషులోకి చేసినాడు, మీలో మదనపల్లోళ్లు ఎవరన్నా ఉండారా అంటే ముగ్గురు చేతులెత్తినారు, ముగ్గురికీ ఆ సంగతి తెలీదు.

నాకు అన్నిటికంటే నచ్చింది చిల్లర. సార్ నాలుగు రకాల నాణేలు నా చేతిలో పోసి, అన్నా మీరు కండక్టర్ అంట కదా, కళ్లు మూసుకోని ఏది పెద్దదో చెప్పండి అన్నాడు. నేను వేలితో తడిమి సైజు ప్రకారం పేర్చినా. తప్పంట! అన్నిటికంటే చిన్నగా ఉండేది డైమ్, అది 10 సెంట్లు. దానికంటే పెద్దగా, మందంగా ఉండే నికెల్ 5 సెంట్లే. ఒక్కదాని మీద కూడా విలువ అంకెల్లో లేదు, అంతా మాటల్లోనే, డైమ్ మీద అయితే 'వన్ డైమ్' అని రాసుంటాది, పది అనే మాటే లేదు. కొత్తగా పోయినోడికి ఎట్ల తెలుస్తాది? డైమ్ ఒకప్పుడు వెండిది, వెండి విలువకి తగినంత చిన్నగా చేసినారు, అంచు గీకి వెండి దొంగిలించకుండా గాట్లు పెట్టినారు, ఇప్పుడు వెండి పోయినా గాట్లు అట్లే ఉండాయి. ఒక సెంటుది, అయిదు సెంట్లది అంచు నున్నగా ఉంటాది. ఇది తెలిసినాక రెండోసారి కళ్లు మూసుకోని నాలుగూ కరెక్ట్ గా చెప్పినా. పాప చప్పట్లు కొట్టింది. నోట్లయితే ఇంకా అన్యాయం, 1 డాలరూ 100 డాలర్లూ ఒకే సైజు, రాత్రి సర్వీసులో లైటు లేకపోతే కండక్టర్ కొంప మునిగినట్టే. వంద మీద ఉండే ఫ్రాంక్లిన్, పది మీద ఉండే హామిల్టన్ ప్రెసిడెంట్లే కాదంట.

ఇంకా టిప్పులు, షాపులో రేటు మీద బిల్లు దగ్గర ట్యాక్స్ కలిపేది, తేదీలో నెల ముందర రాసేది, నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్ కి అన్నీ మూసేస్తారు కాబట్టి ముందే బియ్యం కొని పెట్టుకునేది, ఇవన్నీ గబగబా చెప్పేసినాడు. ప్రొఫెసర్ని పేరు పెట్టి పిలిచేది పిల్లోళ్లతో ప్రాక్టీస్ చేయించినాడు, ఒక్కరికీ నోరు రాలేదు, పేరు చెప్పి వెంటనే సార్ అనేస్తాండారు. లిబర్టీ విగ్రహం గురించి రెండు మాటలే, ఫ్రాన్స్ నుంచి వచ్చింది, 1886లో ఆవిష్కరించినారు, రాగిది కాబట్టే పచ్చబడింది, మన ఇళ్లల్లో రాగి చెంబు మాదిరి, చింతపండు పెట్టి తోమేవాళ్లు లేరు అంతే అని నవ్వించినాడు. కాళ్ల కాడ తెగిన సంకెళ్లు ఉంటాయంట, కింద నుంచి చూస్తే కనపడవు. ఇంకాసేపు చెప్పుంటే బాగుండు, కానీ నాలుగు గంటలకి కింద పార్కింగ్ గేటు మూసేస్తారని వాచ్ మేన్ వచ్చి నిలబడినాడు.

భోజనం రెండు రోజులూ పులిహోర పొట్లమే, శనివారం పర్లేదు, ఆదివారం చల్లగా ఉండాది. ఇస్తామన్న కిట్ లో బ్యాగు లేదు, ఒక పెన్నూ బ్రోచరూ ఇచ్చినారు. నన్నడిగితే 5కి 3. పోవాలనుకునేవాళ్లు ముందే ఫోన్ చేసి డాలర్ నోట్లు ఇచ్చే పెద్దాయన వస్తాడా లేదా అడగండి, ఆయన వస్తే ఆదివారానికి మాత్రం కట్టుకుంటామని బేరమాడండి, రాకపోతే ఇంట్లో కూర్చోండి.

ఇంక నా 500. డ్యూటీలో ఉన్నప్పుడు రూపాయి చిల్లర లేకపోయినా టికెట్ వెనక రాసిచ్చి, దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చినోణ్ణి. వీళ్లకి మూడు వారాల నుంచి ఫోన్ చేస్తా ఉండా, ఎప్పుడు చేసినా అకౌంట్స్ మేడం లంచ్ కి పోయినారు అంటారు. నిన్న పొద్దున పదింటికి చేసినా అదే మాట.