రోగి రికార్డుకు ఒక్క కీ చాలునా, అదనపు కీ కావాలా?
ఆసుపత్రి కంప్యూటర్లు పరస్పరం సమాచారం పంపుకొనే ప్రమాణమైన హెచ్‌ఎల్‌7 వెర్షన్ 2లో సందేశం రాగానే, రోగి రికార్డును కేవలం ఆసుపత్రి ఇచ్చిన రోగి నంబరునే కీగా, అంటే రికార్డును గుర్తించే విలువగా, వాడి వెతకడం తేలిక. ఒకే ఆసుపత్రి, ఒకే డేటాబేస్ ఉన్నంతకాలం అది చాలు. రెండు శాఖలు ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి చేరిన నాడు మాత్రం ఇక్కడి 10452, అక్కడి 10452 వేర్వేరు మనుషులైనా ఒకరి రక్తపరీక్ష ఫలితం మరొకరి ఫైలులోకి చేరవచ్చు. ఇది నిజంగా భయపడవలసిన తప్పు. అందుకే నంబరుతో పాటు దానిని జారీ చేసిన సంస్థ కోడ్‌ను కూడా కలిపిన జంట కీనే నేను ఎంచుకుంటాను. సందేశంలో రోగి గుర్తింపు నంబర్లు ఉండే పీఐడీ-3 అనే గడిలో నాలుగో భాగం ఉన్నది ఈ కోడ్ కోసమే. అయితే ఆ భాగాన్ని ఖాళీగా పంపే పాత యంత్రాల సందేశాలను ఊహతో జతచేయకుండా పక్కన నిలిపి, మనిషి చేత సరిచూపించాలి. ఏ40 సందేశంతో రెండు రికార్డులు విలీనమైనప్పుడు కూడా పాత నంబరును చెరిపివేయక అదనపు కీగా ఉంచాలి, ఎందుకంటే ఆలస్యమైన ఫలితాలు ఆ పాత నంబరుతోనే రావచ్చు.