ఇంగ్లండులో ఎల్ బోర్డు బండికి ఒక్కరోజు శిక్షణ: సీబీటీపై సమీక్ష

పన్నెండేళ్లు విజయవాడ బెంజి సర్కిల్ చుట్టూ స్ప్లెండర్ నడిపినవాడికి మళ్లీ బండి నేర్పడానికి 160 పౌండ్లు అడగడం అన్యాయమని మొదట అనుకున్నాను. బ్రిటన్‌లో నివాసం ఏర్పరచుకున్న రోజు నుంచి 12 నెలల వరకు మన దేశపు లైసెన్సు మీదే, అందులో రాసి ఉన్న కారునో మోటారుసైకిల్‌నో నడుపుకోనిస్తారు. ఆ గడువంతా నేను బస్సుల్లో తిరుగుతూ గడిపేసి, తీరా బండి అవసరం పడేసరికి ఇక్కడి ప్రొవిజనల్ లైసెన్సు (నేర్చుకునేవారికి ఇచ్చేది) పట్టుకుని మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వచ్చింది. ఆ మెట్టు పేరు కంపల్సరీ బేసిక్ ట్రైనింగ్. అందరూ సీబీటీ అంటారు. 1990 డిసెంబరు నుంచి గ్రేట్ బ్రిటన్‌లో కొత్తగా మోపెడ్, మోటారుసైకిల్ ఎక్కేవారికి ఇది తప్పనిసరి. నవంబరు మొదటి వారంలో రెడింగ్ దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో నేను దీన్ని పూర్తిచేశాను. పాఠ్యక్రమాన్ని నిర్ణయించేది డీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ కాబట్టి ఏ కేంద్రానికి వెళ్లినా చెప్పేది అవే ఐదు భాగాలు. తేడా వచ్చేదల్లా నేర్పే మనిషి దగ్గర, డబ్బు లెక్క దగ్గర.

నియమాలు తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 16 ఏళ్లు నిండితే 50 సీసీ మోపెడ్, 17 నిండితే 125 సీసీ వరకు బండి ఎల్ బోర్డుతో నడపవచ్చు, కానీ అంతకుముందు సీబీటీ పూర్తిచేసి ధ్రువపత్రం తీసుకుని ఉండాలి. అది లేకుండా రోడ్డెక్కి దొరికితే 1,000 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద 6 పాయింట్ల దాకా పడతాయి. ఇది పరీక్ష కాదు, ఇందులో మార్కులు గానీ పాసు, ఫెయిలు గానీ ఉండవు. ఒక భాగంలో మనం చేసేది ఇన్‌స్ట్రక్టరుకు తృప్తి కలిగిస్తేనే తర్వాతి భాగానికి పంపుతారు, అంతే. మన దగ్గర ఆర్టీవో ఆఫీసులో రెండు నిమిషాల్లో ఎనిమిది అంకె వేసి, కాలు కింద పెట్టలేదని ఊపిరి పీల్చుకుని వచ్చేసే పద్ధతికి అలవాటుపడినవారికి ఈ తేడా మొదట అర్థం కాదు. నాకూ మధ్యాహ్నం వరకు అర్థం కాలేదు.

ఉదయం ఎనిమిదిన్నరకు మేము నలుగురం చేరాము. మైదానంలో ఒక ఇన్‌స్ట్రక్టరుకు నలుగురికి మించి ఉండకూడదన్నది నిబంధన, దాన్ని కచ్చితంగా పాటించారు. లైసెన్సు కార్డులు చూశాక, 20 మీటర్ల దూరంలో నిలిపిన కారు నంబరు ప్లేటు చదివించారు. ఒక పదిహేడేళ్ల కుర్రవాడు కళ్లు చికిలించి రెండు అక్షరాలు తప్పు చదివి, తర్వాత జేబులోంచి కళ్లద్దాలు తీశాడు. ఇకమీదట అవి లేకుండా బండెక్కడానికి వీల్లేదని అక్కడే చెప్పేశారు. హెల్మెట్ గురించి పావుగంట మాట్లాడారు. ఇక్కడ చెల్లేది ఈసీఈ లాంటి ఇక్కడి భద్రతా ప్రమాణాల గుర్తు ఉన్న హెల్మెట్ కనుక ఇంటి నుంచి ఐఎస్ఐ గుర్తుది మోసుకొచ్చినవారు దాన్ని అటకమీద పెట్టుకోవలసిందే. కేంద్రం ఇచ్చిన హెల్మెట్ బాగానే ఉంది. చేతి తొడుగులు మాత్రం ముందురోజు ఎవరి చేతుల్లో తడిశాయో, లోపల ఇంకా ఆరలేదు.

మైదానంలో మొదటి గంట బండి స్టార్టు చేయనివ్వలేదు. సెంటర్ స్టాండు వేయడం, తీయడం, బండిని పక్కన నడిచి తోసుకుంటూ మలుపు తిప్పడం, చైను వదులు చూడడం, టైరు అరుగుదల చూడడం ఇవే పని. సైడ్ స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజను దానంతటదే ఆగిపోయే బండి మీద కూర్చుని, "అన్నా, స్టాండూ!" అని వెనకనుంచి అరిచే అపరిచితులు లేని దేశానికి వచ్చానని నాలో నేను నవ్వుకున్నాను. ఇంతలో ఇన్‌స్ట్రక్టరు రెండు కోన్ల మధ్య ఎనిమిది అంకె వేయమన్నాడు. నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. ఒక్క తప్పు లేకుండా ఐదుసార్లు తిప్పాను. ఆయన మెచ్చుకోలేదు. "మీరు చూపు ముందు చక్రం మీద పెట్టారు. వెళ్లవలసిన చోట పెట్టండి" అన్నాడు. పన్నెండేళ్లలో ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. చూపు తర్వాతి కోను మీదకు మార్చి మళ్లీ తిప్పితే అదే బండి, అదే వేగం, కానీ మలుపు సగానికి సగం చిన్నదైంది.

బ్రేకుల పాఠం ఈ రోజు మొత్తానికి తలమానికం. మన ఊళ్లో బండి నేర్పే ప్రతి అన్నయ్యా, బాబాయీ మొదట చెప్పేది ఒకటే: ముందు బ్రేకు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే తిరగబడతావు అని. ఆ మాట మా వేళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, అత్యవసరంగా ఆపమని చేయి పైకెత్తగానే నా కుడికాలు మాత్రమే పనిచేసింది, వేళ్లు హ్యాండిల్ పట్టుకుని ఉండిపోయాయి. వెనక చక్రం బిగుసుకుపోయి జారింది; నేలమీద నల్లటి గీత పడింది. ఇన్‌స్ట్రక్టరు ఏమీ అనకుండా నన్ను బండి దింపి ఆ గీత పక్కనే అడుగులు లెక్కపెడుతూ నడవమన్నాడు. పదకొండు అడుగులు వచ్చాయి. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి నేలను గట్టిగా పట్టి ఉండేది ముందు చక్రమే, వెనకది తేలికైపోయి జారుతుందని, అందుకే పొడి రోడ్డు మీద మూడు వంతులు ముందు బ్రేకు, ఒక వంతు వెనక బ్రేకు వాడాలని, తడి రోడ్డు మీద రెండూ సమానంగా వాడాలని అప్పుడు చెప్పాడు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజడం వేరు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించడం వేరు. మనవాళ్లు భయపడిన తిరగబాటు మొదటిదానివల్ల వచ్చేది. ఆరోసారికి నాలుగు అడుగుల్లో, గీత పడకుండా ఆగాను. 160 పౌండ్లలో వంద దీనికే చెల్లిపోయాయని అనిపించింది.

తర్వాతి గంట మెడ తిప్పడానికి. మలుపు తిరిగే ముందు అద్దంలో చూడడం సరిపోదనీ, భుజం మీదుగా వెనక్కి ఒక్క క్షణం చూడాలనీ ఇక్కడ బల్లగుద్ది చెబుతారు. దానికి లైఫ్‌సేవర్ అని పేరు. నేను నిదానంగా వెళుతుంటే ఆయన నా కుడి వెనక, అద్దానికి అందని చోట నడుస్తూ చేతి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమన్నాడు. అద్దంలో చూసి "ఏమీ లేవు" అన్నాను. మెడ తిప్పితే మూడు వేళ్లు. అద్దానికి అందని ఆ చోటులో ఒక సైకిలు గానీ మరో మోటారుసైకిల్ గానీ హాయిగా ఇమిడిపోతుందని మాటల్లో చెప్పి ఉంటే మరుసటి రోజుకే మరిచిపోయేవాణ్ని. విజయవాడలో వెనకవాడు హారను కొట్టి తన ఉనికి చెప్పుకుంటాడు, వినడం మన పని; ఇక్కడ హారను దాదాపు తిట్టుతో సమానం కనుక ఎవరూ కొట్టరు, చూడడం మన పని.

ఇక ఫిర్యాదు దగ్గరకు వస్తాను. మాతో పాటు గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఇంటి దగ్గర సైకిలు తప్ప ఏదీ నడపలేదు. గేర్లు లేని స్కూటరు తీసుకున్నా, యాక్సిలరేటరు తిప్పేటప్పుడు చేయి బిగిసి బండి ముందుకు దూకుతోంది. మధ్యాహ్నానికి, ఈ రోజు రోడ్డు మీదకు పంపలేనని ఇన్‌స్ట్రక్టరు మర్యాదగానే చెప్పాడు. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు. అలా ఆపడమే ఆయన బాధ్యత. తప్పల్లా, మళ్లీ వచ్చే రోజుకు 70 పౌండ్లు అదనమని అప్పుడు చెప్పడంలో ఉంది. బుకింగు చేసుకునేటప్పుడు బండి, హెల్మెట్, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఒకటే రుసుము అని పెద్దక్షరాల్లో రాసినవారు, ఒక్కరోజులో పూర్తికాకపోతే ఏమవుతుందో చిన్నక్షరాల్లోనైనా రాయలేదు. "అన్నా, ముందే తెలిస్తే రెండు రోజులదే తీసుకునేదాన్ని కదా" అని ఆమె అన్నమాట న్యాయమైనది. బండి అసలు ముట్టుకోనివారికి ఈ శిక్షణ ఒక్కరోజులో అవుతుందని చెప్పి డబ్బు కట్టించుకోవడమే నా దృష్టిలో ఈ సేవలో పెద్ద లోపం.

రెండో ఫిర్యాదు చిన్నది. రోడ్డు మీద ఒక ఇన్‌స్ట్రక్టరు వెంట ఇద్దరికి మించి ఉండకూడదు. మేము ముగ్గురం మిగిలాం కనుక రెండో ఇన్‌స్ట్రక్టరు ఒంటిగంటకు రావాలి, రెండింటికి వచ్చాడు. ఆ గంటసేపు రోడ్డు నియమాల పాఠం అయిందనిపించి, మిగతా సమయం కంటైనరు గదిలో టీ తాగుతూ కూర్చోబెట్టారు.

రోడ్డు మీద కనీసం రెండు గంటలు నడిపించాలన్నది చట్టం, ఆ లెక్కలో మాత్రం ఒక్క నిమిషం తగ్గించలేదు. చెవిలో రేడియో, వెనక ఇన్‌స్ట్రక్టరు, పక్కనే పదిహేడేళ్ల కుర్రవాడు. ఎడమవైపే నడపడం మనకు అలవాటే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రౌండెబౌట్ల దగ్గర. కుడివైపు నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలన్న నియమం తెలిసినా, సందు దొరికితే దూరిపోయే అలవాటు కాలి చివర కూర్చుని ఉంటుంది. మొదటి రౌండెబౌటులో నేను అలా దూరాను. ఎదుటి కారు నెమ్మదించి దారిచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి సందులో బండి పక్కకు ఆపించి, "ఆ కారు తన బ్రేకు వాడింది. మీవల్ల ఇంకొకరు బ్రేకు వేయవలసి వచ్చిందంటే అది మీ తప్పు" అన్నాడు. ఆ కొలతతో లెక్కవేసుకుంటే బెంజి సర్కిల్ దగ్గర నా తప్పులు రోజుకు వందకు తక్కువ ఉండవు. ఇండికేటరు ఆపడం మరిచిపోయినందుకు రేడియోలో మూడుసార్లు గుర్తు చేయించుకున్నాను. ఈ బండ్లలో అది దానంతటదే ఆరదు, ఎడమకు మెరుస్తూ వెళితే పక్క సందులోంచి వచ్చేవాడు మనం తిరుగుతున్నామని నమ్మి బయటికి వచ్చేస్తాడు. తడి ఆకులు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్లగీతలు ఎక్కడ జారుతాయో కనపడ్డచోటల్లా రేడియోలో చెబుతూ వచ్చాడు. తిరిగి చేరేసరికి నాలుగుంపావు, వీధిదీపాలు వెలిగాయి.

చేతికొచ్చిన ధ్రువపత్రానికి రెండేళ్ల గడువు. ఆ రెండేళ్లలో థియరీ పరీక్ష, ఆపైన రెండు భాగాల ప్రాక్టికల్ పరీక్ష రాసి పూర్తి లైసెన్సు తెచ్చుకోకపోతే సీబీటీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఈ కాగితంతో మోటార్‌వే ఎక్కకూడదు, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. శనివారం గుడికి ఇంటావిడను వెనక ఎక్కించుకుని వెళ్దామన్న నా ఆలోచన ఆ పూటే అటకెక్కింది. ఫుడ్ డెలివరీ కోసం సీబీటీ చేసే మన పిల్లలు చాలామంది ఉన్నారు కనుక ఒక మాట: మామూలు బండి ఇన్సూరెన్సు డెలివరీకి చెల్లదు, దానికి వేరే పాలసీ కావాలి, స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం కాబట్టి రైడర్లను స్వయం ఉపాధి కింద తీసుకునే ఆ పని అసలే కుదరదు. సీబీటీ కాగితం ఈ రెండింటిలో దేనికీ అడ్డుపడి కాపాడదు, ఆ సంగతి కేంద్రంలో ఎవరూ చెప్పరు.

ఇదివరకే బండి నడిపినవారికి ఈ శిక్షణను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను; బ్రేకు, చూపు ఈ రెంటికోసమే అయినా డబ్బుకు తగ్గది. కొత్తవారు మాత్రం డబ్బు కట్టే ముందే ఫోన్ చేసి, రెండో రోజు అవసరమైతే ఎంత, రోడ్డు మీద ఎంతమందికి ఒక ఇన్‌స్ట్రక్టరు, ఆయన ఏ వేళకు వస్తాడు అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి. చీలమండ కప్పే బూట్లు, జీన్స్ ప్యాంటు వేసుకుని, చేతి తొడుగులు మాత్రం సొంతవే తీసుకెళ్లండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి వీలైతే ఏప్రిల్, సెప్టెంబరు మధ్య రోజు చూసుకోండి. గుంటూరు అమ్మాయి మార్చి చివరికి తేదీ వేయించుకుంది. ఈసారి వేరే కేంద్రంలో.