డిష్‌వాషర్ కొన్న ఎనిమిది నెలలకు

మన వంటల జిడ్డు, అడుగంటిన పాలగిన్నె డిష్‌వాషర్‌లో పోతాయా అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. జిడ్డు పోతుంది. పాలగిన్నె మాత్రం ముందు నానబెట్టాలి. అన్నం మెతుకులు దులిపి పెట్టకపోతే ఫిల్టర్‌లో చేరి వాసన కొడతాయి. అల్యూమినియం కుక్కర్, ఇనుప మూకుడు అస్సలు పెట్టకండి. మా కుక్కర్ మొదటి వారమే నల్లబడింది.

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లే దిక్కు. బిగించడానికి వచ్చిన అబ్బాయి హార్డ్ వాటర్ (సున్నం ఎక్కువున్న నీళ్ల) సెట్టింగ్ మార్చకుండానే వెళ్లిపోయాడు. నెలంతా గ్లాసుల మీద తెల్లపొర. దగ్గరుండి అది మార్పించుకోండి, డిష్‌వాషర్ ఉప్పు తప్పకుండా వాడండి. వంట ఉప్పు పనికిరాదు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. మొదటి రెండు నెలలూ గిన్నెలు సర్దింది నేనే, తీసింది నేనే. "మిషన్ ఉందిగా, ఇంకేం పని?" అన్నారు మా ఆయన. ఇద్దరం ఉద్యోగాలు చేసి ఒకే టైముకి ఇల్లు చేరతాం. ఆ మాట చాలా బాధపెట్టింది. 2024లో కేంద్రం చేసిన సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ లెక్క చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి నుంచి సర్దడం ఆయన పని. పొద్దున్నే తీసి అరల్లో పెట్టేది తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, చెంచాలు పాప. సింకు నిండా గిన్నెలుంటే ఎక్కడ మొదలెట్టాలో వీళ్లకి తోచేది కాదు. ఇందులో పళ్లేలకి కింద, గ్లాసులకి పైన చోటుంది కాబట్టి ఒకసారి చూస్తే చాలు. మొదట్లో ఆయన వెనకాలే వెళ్లి సరిచేసేదాన్ని. అది మానేశాను. గిన్నెలో నీళ్లు నిలిస్తే "నాన్నా, బోర్లించలేదు" అని వాడే చెప్తాడు.

నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ, అల్లుడి చేత గిన్నెలు సర్దిస్తావా అని నొచ్చుకుంది. మూడో రోజు పాలగిన్నె నానబెట్టి ఆవిడే ఆయన చేతికిచ్చింది.

ఇంకొకటి మిగిలింది. ఉప్పు అయిపోయిందని లైటు వెలిగితే ఇప్పటికీ నాకే కనిపిస్తుంది. ఈ నెల నుంచి ఉప్పూ, గిన్నెలు కడగడానికి మిషన్‌లో వేసే సబ్బు ట్యాబ్లెట్లూ చూసుకుని తెప్పించే బాధ్యత కూడా ఆయనకే ఇచ్చాను.